శాండ్‌బాక్స్‌లో ఉన్న మ్యాక్ యాప్ నుంచి బయటి ప్రోగ్రామ్‌ను నడపడం ఎలా?

ప్రశ్న

నేను మ్యాక్ కోసం స్విఫ్ట్‌లో ఒక చిన్న ఎడిటర్ రాస్తున్నాను. వాడుకరి ఎడమవైపు గ్రాఫ్‌విజ్ (మాటల్లో రాసిన వివరణ నుంచి గ్రాఫ్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) డాట్ భాషలో బొమ్మ వివరణ రాస్తే కుడివైపు ఆ బొమ్మ కనిపించాలి, అంతే దాని పని. బొమ్మ గీసే బాధ్యతను నేను నెత్తిన వేసుకోలేదు. గ్రాఫ్‌విజ్‌తో వచ్చే డాట్ అనే కమాండ్‌లైన్ ప్రోగ్రామ్‌ను ఆపిల్ ఫౌండేషన్ లైబ్రరీలోని ప్రాసెస్ క్లాస్ ద్వారా నడిపి, అది తిరిగి ఇచ్చిన ఎస్‌వీజీ బొమ్మను తెరపై చూపిస్తున్నాను.

ఇంతకాలం ఇది ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. యాప్ స్టోర్‌లో పెడదామని యాప్ శాండ్‌బాక్స్‌ను (అనుమతి లేని ఫైళ్లను, వనరులను యాప్ ముట్టుకోకుండా కట్టడి చేసే రక్షణను) ఆన్ చేయగానే బొమ్మలు రావడం ఆగిపోయింది. డాట్‌ను హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ మేనేజర్ ద్వారా పెట్టుకున్నాను కాబట్టి అది /ఆప్ట్/హోమ్‌బ్రూ/బిన్ ఫోల్డర్‌లో ఉంటుంది. దాన్ని నడపబోతే "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అనే జవాబు వస్తోంది. నన్ను తికమక పెడుతున్నది ఏమిటంటే, అదే కోడ్‌తో /బిన్ ఫోల్డర్‌లోని ఎల్ఎస్‌ను (ఫోల్డర్‌లో ఏమున్నాయో చూపే కమాండ్‌ను) పిలిస్తే అది నడుస్తోంది, కానీ వాడుకరి డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను చూపించమంటే మాత్రం నిరాకరిస్తోంది. అంటే బయటి ప్రోగ్రామ్‌లను పిలవడమే నిషిద్ధం కాదన్నమాట. మరి హద్దు ఎక్కడ ఉన్నట్టు?

రెండు ప్రయత్నాలు చేశాను. మొదటిది, ఓపెన్ ప్యానెల్ (ఫైల్‌ను ఎంచుకునే కిటికీ) చూపించి డాట్ ఎక్కడుందో వాడుకరి చేతనే ఎంపిక చేయించాను. అప్పుడు కథ కొంచెం ముందుకు వెళ్లి, డాట్‌కు కావలసిన లైబ్రరీలు దొరకడం లేదన్న దగ్గర ఆగింది. రెండోది, యాప్ మొదటిసారి తెరుచుకున్నప్పుడు డాట్‌ను డౌన్‌లోడ్ చేసి అప్లికేషన్ సపోర్ట్ ఫోల్డర్‌లో ఉంచి నడపబోయాను. ఫైల్ అక్కడే ఉంది, నడిపే అనుమతి బిట్ కూడా ఉంది, అయినా నడవలేదు.

నాకు తెలియవలసినవి రెండు. డాట్‌ను నా యాప్‌లోనే పెట్టి ఇవ్వాలంటే సరైన పద్ధతి ఏమిటి? ఇప్పటికే తమ కంప్యూటర్‌లో తమకు నచ్చిన గ్రాఫ్‌విజ్ వెర్షన్‌ను పెట్టుకున్నవారు దాన్నే వాడతామంటే, శాండ్‌బాక్స్‌ను వదులుకోకుండా అది సాధ్యమవుతుందా?


సమాధానం 1

మీరు ఎల్ఎస్‌తో చేసిన ప్రయోగంలోనే జవాబు ఉంది. శాండ్‌బాక్స్ ఫైల్‌కు కాక ప్రాసెస్‌కు అంటుకుని ఉంటుంది. ఆ ప్రాసెస్ పుట్టించిన పిల్ల ప్రాసెస్‌కూ, దాని పిల్లలకూ అదే సంక్రమిస్తుంది. మీరు పిలిచిన ఎల్ఎస్ మామూలు ఎల్ఎసే, కానీ మీ యాప్ కడుపున పుట్టింది కాబట్టి మీ యాప్ చూడలేని ఫోల్డర్‌ను అదీ చూడలేదు. టెర్మినల్‌లో అదే ప్రోగ్రామ్‌కు ఉండే స్వేచ్ఛ ఇక్కడ ఉండదు. కాబట్టి "ఏ ప్రోగ్రామ్‌ను నడపవచ్చు" అని అడగడం కన్నా, "నడిచిన ప్రోగ్రామ్ ఎవరి అధికారంతో నడుస్తుంది" అని అడిగితే మిగతావన్నీ వాటంతట అవే విడిపోతాయి.

మీ రెండు ప్రయత్నాలనూ అలాగే చూడండి. ఓపెన్ ప్యానెల్ ద్వారా వాడుకరి ఇచ్చిన అనుమతి ఆ ఒక్క ఫైల్‌కే పరిమితం. హోమ్‌బ్రూ డాట్ ఒంటరిది కాదు. దాని పక్క ఫోల్డర్లలో లైబ్రరీలు, ప్లగిన్లు, ఫాంట్‌కాన్ఫిగ్ సెట్టింగులు ఉంటాయి, వాటిలో ఏ ఒక్కటీ మీ శాండ్‌బాక్స్‌కు కనిపించదు. ఇక డౌన్‌లోడ్ విషయానికి వస్తే, శాండ్‌బాక్స్‌లోని యాప్ రాసిన ఫైళ్లకు సిస్టమ్ క్వారంటైన్ గుర్తు తగిలిస్తుంది, ఆ గుర్తు ఉన్న ప్రోగ్రామ్‌ను మీ యాప్ నడపబోతే అడ్డుకుంటుంది. దీనికి దొంగదారి వెతకకండి. యాప్ తనకు కావలసినదంతా తన బండిల్‌లోనే (యాప్ ఫైళ్లన్నీ ఉండే ప్యాకేజీలోనే) ఉంచుకోవాలనీ, కొత్త కోడ్‌ను దింపుకుని తన పనితీరును మార్చుకోకూడదనీ యాప్ స్టోర్ సమీక్ష నియమం 2.5.2 చెబుతుంది. సాంకేతికంగా గట్టెక్కినా సమీక్షలో దొరికిపోతారు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు దారి ఒకటే: డాట్‌ను బండిల్‌లో పెట్టడం. గ్రాఫ్‌విజ్ ఎక్లిప్స్ పబ్లిక్ లైసెన్స్ కింద వస్తుంది కాబట్టి దాని షరతులు పాటిస్తూ పంచవచ్చు. అయితే హోమ్‌బ్రూ ఫోల్డర్‌లోని ఫైల్‌ను అలాగే కాపీ చేస్తే లాభం లేదు, ఎందుకంటే అది తన లైబ్రరీలను పూర్తి చిరునామాతో వెతుక్కుంటుంది. ఓటూల్‌తో ఆ చిరునామాల జాబితా చూసి, ఇన్‌స్టాల్‌నేమ్‌టూల్‌తో వాటిని ప్రోగ్రామ్ ఉన్న చోటు నుంచి లెక్కించే చిరునామాలుగా మార్చాలి. ఈ మార్పు చేసిన ప్రతిసారీ ఫైల్ మీది పాత డిజిటల్ సంతకం చెల్లకుండా పోతుంది కాబట్టి సంతకం చివరి మెట్టుగా ఉండాలి; అదీ లోపలి నుంచి బయటికి, అంటే ముందు లైబ్రరీలకు, తర్వాత డాట్‌కు, ఆఖరున యాప్‌కు. ఇదంతా తలనొప్పి అనుకుంటే గ్రాఫ్‌విజ్‌ను మీరే సోర్స్ నుంచి కట్టుకుని, ప్లగిన్లను కూడా స్థిరంగా, అంటే డాట్ ఫైల్‌లోనే భాగంగా, కలిపేయండి. నేనైతే ఇదే చేస్తాను. ప్లగిన్లను విడిగానే ఉంచాలనుకుంటే జీవీబిన్‌డిర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో వాటి ఫోల్డర్‌ను చెప్పాలి.

డాట్‌కు సంతకం చేసేటప్పుడు సరిగ్గా రెండే ఎన్‌టైటిల్‌మెంట్లు (సంతకంలో చేరే హక్కుల ప్రకటనలు) ఇవ్వండి: ఒకటి యాప్ శాండ్‌బాక్స్, రెండోది ఇన్‌హెరిట్, అంటే తల్లి శాండ్‌బాక్స్‌నే తీసుకోవడం. మూడోది ఏదైనా శాండ్‌బాక్స్ ఎన్‌టైటిల్‌మెంట్ చేరిస్తే సిస్టమ్ ఆ పిల్ల ప్రాసెస్‌ను పుట్టగానే చంపేస్తుంది. నిజానికి ఇన్‌హెరిట్ లేకపోయినా సంక్రమణ జరుగుతుందని ఎల్ఎస్ మీకు చూపించింది. బండిల్‌లోని ప్రతి ఎగ్జిక్యూటబుల్‌కూ శాండ్‌బాక్స్ ఉండాలన్న స్టోర్ నిబంధన కోసమే ఈ రెండూ కావాలి.

చాలామంది గమనించని మెలిక ఒకటుంది. ఇలా పుట్టిన పిల్లకు మీ ఎన్‌టైటిల్‌మెంట్ ఫైల్‌లో రాసి ఉన్న శాశ్వత హక్కులే వస్తాయి తప్ప, యాప్ తెరిచాక ఓపెన్ ప్యానెల్ ద్వారా మీకు దక్కిన హక్కులు రావని ఆపిల్ పత్రాలు స్పష్టంగా చెబుతున్నాయి. వాడుకరి ఎంచుకున్న ఫైల్ పేరును డాట్‌కు ఆర్గ్యుమెంట్‌గా పంపితే మీరు చదవగలిగిన ఫైల్‌ను అది చదవలేకపోవచ్చు. మీ అదృష్టం కొద్దీ డాట్ స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి చదివి స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో రాయగలదు. ఫైల్‌ను మీరే చదివి పైప్ (రెండు ప్రాసెస్‌ల మధ్య డేటా ప్రవహించే గొట్టం లాంటిది) ద్వారా అందించండి, ఫలితాన్ని పైప్ నుంచే తీసుకోండి.


సమాధానం 2

మీ రెండో ప్రశ్నకు, అంటే వాడుకరి సొంత గ్రాఫ్‌విజ్‌ను నడపడానికి, ఎన్ఎస్‌యూజర్‌యూనిక్స్‌టాస్క్ అనే క్లాస్ ఉంది. 10.8 నుంచీ ఉన్నా ఎందుకో దీన్ని గురించి మాట్లాడేవారు తక్కువ. వాడుకరి లైబ్రరీలోని అప్లికేషన్ స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో మీ యాప్ బండిల్ ఐడీ పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో ఉన్న స్క్రిప్ట్‌ను ఈ క్లాస్ ద్వారా నడిపితే అది మీ శాండ్‌బాక్స్ బయట, వాడుకరికి ఉండే మామూలు అధికారంతో నడుస్తుంది. పైన చెప్పిన సంక్రమణ సూత్రానికి ఇది విరుద్ధమేమీ కాదు, ఎందుకంటే ఆ స్క్రిప్ట్‌ను పుట్టించేది మీ యాప్ కాదు. మీ కోరిక మేరకు సిస్టమ్ వేరే చోట దాన్ని పుట్టిస్తుంది.

దీనికి బదులుగా సిస్టమ్ కోరేది ఒకటే: ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లను మీ యాప్ చదవగలదు గానీ అందులో ఏమీ రాయలేదు. స్క్రిప్ట్‌ను అక్కడ పెట్టవలసినది వాడుకరే. రెండు పంక్తుల షెల్ స్క్రిప్ట్ చాలు. మొదటి పంక్తిలో షెల్ పేరు, రెండో దానిలో డాట్ పూర్తి చిరునామా, దాని వెనుక మీరు పంపే ఆర్గ్యుమెంట్లు. పూర్తి చిరునామా ఎందుకంటే, ఫైండర్ నుంచి తెరిచిన యాప్‌లకు వాడుకరి షెల్ సెట్టింగులు అందవు కాబట్టి పాత్ వేరియబుల్‌లో హోమ్‌బ్రూ ఫోల్డర్ ఉంటుందని నమ్మడానికి లేదు. ఆపిల్ సిలికాన్ యంత్రాల్లో హోమ్‌బ్రూ /ఆప్ట్ కింద ఉంటే, ఇంటెల్ యంత్రాల్లో /యూఎస్ఆర్/లోకల్ కింద ఉంటుంది. రెంటినీ చూసేలా స్క్రిప్ట్ రాస్తే వాడుకరులు మిమ్మల్ని అడగడం తగ్గుతుంది.

ఫైండర్‌లో ఆ ఫోల్డర్‌ను వెతుక్కోమని వాడుకరికి చెప్పడం మర్యాద కాదు. యాప్‌లోనే ఒక బటన్ పెట్టి, సేవ్ ప్యానెల్‌ను నేరుగా ఆ ఫోల్డర్ దగ్గర తెరిచి, మీ నమూనా స్క్రిప్ట్‌ను వాడుకరి సమ్మతితో అక్కడ రాయవచ్చు. ప్యానెల్‌లో వాడుకరి నొక్కిన ఒక్క నొక్కే అనుమతి అవుతుంది. దీనికి యూజర్ సెలెక్టెడ్ ఫైళ్లను రాసే ఎన్‌టైటిల్‌మెంట్‌తో పాటు, నడిపే ఫైల్‌ను క్వారంటైన్ గుర్తు లేకుండా రాయనిచ్చే యూజర్ సెలెక్టెడ్ ఎగ్జిక్యూటబుల్ అనే ఎన్‌టైటిల్‌మెంట్ కూడా కావాలి. రాశాక ఫైల్‌కు నడిపే అనుమతి బిట్ పెట్టడం మరచిపోవద్దు.

దీని లోపాలు కూడా చెప్పాలి. ఒక టాస్క్ ఆబ్జెక్ట్‌ను ఒక్కసారే నడపాలి, మళ్లీ నడపాలంటే కొత్తది సృష్టించుకోవాలి. నడుస్తున్న పనిని మధ్యలో ఆపే మెథడ్ లేదు. ప్రాసెస్ క్లాస్‌తో పోలిస్తే మొదలవడానికి ఎక్కువ సమయం పడుతుంది. వాడుకరి టైప్ చేసే ప్రతి అక్షరానికీ దీన్ని పిలిచే ఉద్దేశం ఉంటే మానుకోండి.

డాట్‌ను ఎన్ఎస్‌వర్క్‌స్పేస్ ద్వారా యాప్‌లా తెరవమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. శాండ్‌బాక్స్‌లోని యాప్ అలా పంపిన ఆర్గ్యుమెంట్లను సిస్టమ్ పట్టించుకోదు. ఇంకొక యాప్‌ను ఉన్నదున్నట్టు తెరవడానికి అది పనికివస్తుంది గానీ, పని చెప్పి ఫలితం రాబట్టడానికి పనికిరాదు.


అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. డాట్‌ను సోర్స్ నుంచి కట్టి, ప్లగిన్లను స్థిరంగా కలిపి, హెల్పర్స్ ఫోల్డర్‌లో పెట్టాను. ఎక్స్‌కోడ్‌లో దానికి విడిగా ఒక టార్గెట్ చేసి, చెప్పిన రెండు ఎన్‌టైటిల్‌మెంట్లే ఇచ్చాను. అయినా మొదలవగానే కూలిపోతోంది. క్రాష్ రిపోర్టులో నా కోడ్ ఒక్క పంక్తి కూడా లేదు. అంతా లిబ్‌సెక్ఇనిట్ అనే పేరున్న ఫంక్షన్ల దగ్గరే ఆగిపోయింది. తప్పు డాట్‌లోనే ఉందేమోనని దాన్ని బండిల్ నుంచి తీసి టెర్మినల్‌లో నడిపి చూశాను. అక్కడా సరిగ్గా అలాగే కూలింది. సంతకానికి ముందు మాత్రం ఇదే ఫైల్ టెర్మినల్‌లో చక్కగా నడిచింది.

ఇంకొక విషయం. పెద్ద గ్రాఫులు ఇచ్చినప్పుడు, శాండ్‌బాక్స్ లేని పాత బిల్డ్‌లో కూడా యాప్ అప్పుడప్పుడు బిగుసుకుపోతోంది. వెయిట్ అంటిల్ ఎగ్జిట్ దగ్గర ఆగి కదలడం లేదు. దీనికీ శాండ్‌బాక్స్‌కూ సంబంధం లేదనుకుంటున్నాను.


సమాధానం 3

టెర్మినల్‌లో కూలడం తప్పు కాదు, అది అలాగే కూలాలి. ఇన్‌హెరిట్ అని రాసి ఉన్న ప్రోగ్రామ్ తనకు తల్లి నుంచి శాండ్‌బాక్స్ వచ్చిందో లేదో మొదలవుతూనే చూసుకుంటుంది. టెర్మినల్‌కు శాండ్‌బాక్స్ లేదు కాబట్టి సంక్రమించడానికి ఏమీ ఉండదు, ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. అంటే ఆ పరీక్ష వల్ల మీకు తెలిసిందేమీ లేదు. సంతకం చేసిన హెల్పర్‌ను (ఇక్కడ డాట్‌ను) ఎప్పుడూ యాప్ నుంచే పరీక్షించాలి.

యాప్‌లో కూడా కూలుతోందంటే నా అనుమానం ఎక్స్‌కోడ్ మీదే. డీబగ్ బిల్డ్‌లో అది మీకు చెప్పకుండా గెట్ టాస్క్ అలో అనే ఎన్‌టైటిల్‌మెంట్‌ను చేరుస్తుంది. డీబగ్గర్ ఆ ప్రాసెస్‌కు తగులుకోవడానికి అది కావాలి. కానీ ఇన్‌హెరిట్‌తో దానికి పొసగదు. మీరు రాసినవి రెండే అయినా సంతకంలో మూడు ఉంటాయి. కోడ్‌సైన్ కమాండ్‌తో డాట్ ఎన్‌టైటిల్‌మెంట్లను బయటికి తీసి చూడండి; మూడోది కనిపిస్తే హెల్పర్ టార్గెట్ బిల్డ్ సెట్టింగుల్లో కోడ్ సైనింగ్ ఇంజెక్ట్ బేస్ ఎన్‌టైటిల్‌మెంట్స్ అన్నదాన్ని "నో" చేయండి. యాప్ టార్గెట్‌లో దాన్ని ముట్టుకోకండి, లేకపోతే మీ యాప్‌నే డీబగ్ చేసుకోలేరు. తర్వాత డాట్ నడుస్తుండగా యాక్టివిటీ మానిటర్‌లో శాండ్‌బాక్స్ అనే నిలువు వరుసను చూపించమని చెప్పి, దాని ఎదురుగా "యస్" ఉందో లేదో సరిచూసుకోండి. ఏదైనా ఫైల్ దగ్గర నిరాకరణ ఎదురైతే కన్సోల్‌లో "డినై" అన్న మాట కోసం వెతకండి; ఏ ప్రాసెస్ ఏ ఫైల్‌ను ఏ పనికి అడిగిందో అక్కడ పేరుతో సహా ఉంటుంది. ఊహించి ఎన్‌టైటిల్‌మెంట్లు పెంచుకుంటూ పోవడం కన్నా ఆ ఒక్క పంక్తి చదవడం మేలు.

బిగుసుకుపోవడం గురించి మీరు అనుకున్నదే నిజం, దానికీ శాండ్‌బాక్స్‌కూ సంబంధం లేదు. పైప్‌లో పట్టే డేటా కొన్ని పదుల కిలోబైట్లే. డాట్ రాసే ఎస్‌వీజీ అంతకన్నా పెద్దదైతే, ఎవరైనా చదివి ఖాళీ చేసేవరకూ డాట్ ఆగుతుంది. మీరేమో డాట్ ముగిసేవరకూ చదవకుండా ఆగుతున్నారు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చుంటారు. అవుట్‌పుట్‌ను వేరే థ్రెడ్‌లో మొదటి నుంచే చదువుతూ ఉండండి, ఇన్‌పుట్ రాసి ముగించగానే ఆ కొసను మూసేయండి. ఎర్రర్ పైప్‌ను కూడా వదలవద్దు. తప్పుడు గ్రాఫ్ ఇస్తే డాట్ హెచ్చరికలతో దాన్నీ నింపగలదు.


సమాధానం 4

నేను ఎక్కువగా లినక్స్ మీద పనిచేస్తాను. పేర్లు మార్చితే అక్కడా ఇదే కథ. లినక్స్ యాప్‌లను శాండ్‌బాక్స్‌లో నడిపే ఫ్లాట్‌ప్యాక్‌లో /యాప్/బిన్ కింద మీరు పెట్టుకున్న ప్రోగ్రామ్ మీ శాండ్‌బాక్స్‌లోనే నడుస్తుంది. హోస్ట్‌లోని, అంటే శాండ్‌బాక్స్ బయటి అసలు సిస్టమ్‌లోని, ప్రోగ్రామ్‌ను నడపాలంటే ఫ్లాట్‌ప్యాక్‌స్పాన్ కమాండ్‌కు "హోస్ట్" అని చెప్పాలి, అందుకోసం ఫ్లాట్‌ప్యాక్ డీబస్ (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మార్గం) సేవతో మాట్లాడే అనుమతిని మ్యానిఫెస్ట్‌లో అడగాలి. ఆ అనుమతి ఉన్న యాప్ హోస్ట్‌లో ఏదైనా నడపగలదు కాబట్టి, దాన్ని తీసుకున్నాక శాండ్‌బాక్స్ పేరుకే మిగులుతుంది. మ్యాక్‌లోని స్క్రిప్ట్స్ ఫోల్డర్ పద్ధతి నాకు ఈ కారణానికే ఎక్కువ నచ్చింది. అక్కడ ఏది నడవాలో వాడుకరి పెట్టిన ఫైల్ నిర్ణయిస్తుంది, యాప్ నిర్ణయించదు.

అయితే నాకు ఒక సందేహం. మీ పనికి అసలు వేరే ప్రాసెస్ అవసరమా? గ్రాఫ్‌విజ్‌కు సీ లైబ్రరీ ఉంది, దాన్ని నేరుగా యాప్‌లో కలుపుకోవచ్చు. బ్రౌజర్‌లో నడిచేలా వెబ్ అసెంబ్లీగా మార్చిన గ్రాఫ్‌విజ్ కూడా ఉంది. ఎస్‌వీజీని ఎలాగూ వెబ్ వ్యూలోనే చూపిస్తూ ఉంటే అక్కడే గీయించవచ్చు.


సమాధానం 1 రాసినవారి మరో మాట

లైబ్రరీగా కలపడాన్ని నేను ఒప్పుకోను. డాట్ ఫైళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి, వాటిని చదివేది సీ భాషలో రాసిన పాత కోడ్. తప్పుడు ఫైల్ ఒకటి లైబ్రరీని కూల్చితే వాడుకరి సేవ్ చేయని పనితో సహా యాప్ మొత్తం పోతుంది. వేరే ప్రాసెస్ కూలితే ఒక బొమ్మ రాదు, అంతే. ఇంకా గట్టి గోడ కావాలంటే ఎక్స్‌పీసీ సర్వీస్ (యాప్ బండిల్‌లోనే ఉండి విడిగా నడిచే సహాయక ప్రోగ్రామ్) చేయండి. దానికి మీ యాప్ శాండ్‌బాక్స్ సంక్రమించదు, సొంత ఎన్‌టైటిల్‌మెంట్లతో తన శాండ్‌బాక్స్ తనకు ఉంటుంది. యాప్‌కు నెట్‌వర్క్ హక్కు ఉన్నా, బొమ్మ గీసే సర్వీస్‌కు ఫైళ్లు గానీ నెట్‌వర్క్ గానీ ఏమీ ఇవ్వకుండా ఉంచవచ్చు. పిల్ల ప్రాసెస్‌తో ఇది కుదరదు, తల్లికి ఉన్న శాశ్వత హక్కులన్నీ దానికీ ఉంటాయి. ఆ సర్వీస్‌లో లైబ్రరీని కలుపుకుంటే నాకు అభ్యంతరం లేదు. మీ యాప్‌కు నెట్‌వర్క్ హక్కే లేకపోతే మాత్రం ఇంత శ్రమ అనవసరం.


అడిగినవారి స్పందన

గెట్ టాస్క్ అలో సంతకంలో ఉంది. దాన్ని తీసేయగానే హెల్పర్ నడిచింది. యాక్టివిటీ మానిటర్‌లో "యస్" కూడా చూశాను. నా యాప్‌కు నెట్‌వర్క్ హక్కు లేదు కాబట్టి ప్రస్తుతానికి పిల్ల ప్రాసెస్‌తోనే సరిపెట్టుకుంటున్నాను.

పైప్ పద్ధతిలో ఒక చిక్కు ఎదురైంది. గ్రాఫ్‌లో ఇమేజ్ అనే యాట్రిబ్యూట్‌తో బయటి చిత్రాలను పేర్కొన్నవారికి ఆ చిత్రాలు రావడం లేదు, ఎందుకంటే డాట్ వాటిని తానే తెరిచి కొలతలు చూసుకోవాలి. గ్రాఫ్‌లో పేర్కొన్న చిత్రాల ఫోల్డర్‌ను వాడుకరి చేత ఒకసారి ఎంపిక చేయించి, వాటిని యాప్ కంటైనర్‌లోని (శాండ్‌బాక్స్ యాప్‌కు కేటాయించిన సొంత ఫోల్డర్‌లోని) తాత్కాలిక ఫోల్డర్‌కు కాపీ చేసి, అక్కడి నుంచి డాట్‌ను నడుపుతున్నాను. కంటైనర్ తల్లికీ పిల్లకూ ఉమ్మడి కాబట్టి అభ్యంతరం రాలేదు.

సొంత గ్రాఫ్‌విజ్ కావాలన్నవారికి స్క్రిప్ట్ పద్ధతిని ఎగుమతి మెనూకు మాత్రమే పరిమితం చేశాను. టైప్ చేస్తున్నప్పుడు కనిపించే బొమ్మను ఎప్పుడూ లోపలి డాటే గీస్తుంది. లోపలిదానికి కొత్త అక్షరం పడగానే పాత పనిని టర్మినేట్ చేయగలను. బయటిదాన్ని ఆపే వీలు లేదు కాబట్టి, లేఅవుట్ లెక్కల పునరావృతాలకు ఒక హద్దు ఉండేలా ఎన్ఎస్‌లిమిట్ విలువను ఆర్గ్యుమెంట్లలోనే పంపుతున్నాను.